సోషల్ మీడియాకు కొన్నాళ్లు విరామం: ఏది ఆపితే ఏది ఆగుతుంది?

2025 సెప్టెంబరులో నటి అనుష్క శెట్టి చేత్తో రాసిన ఒక చిన్న నోట్ పెట్టి, కొన్నాళ్లు సోషల్ మీడియాకు దూరంగా ఉంటానని అభిమానులకు చెప్పారు. అదే ఏడాది డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియాలో 16 ఏళ్లు నిండని పిల్లలకు ఈ ఖాతాలు ఉండకూడదనే చట్టం అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటిది కావాలా వద్దా అన్న చర్చ నడిచింది. ఇక పరీక్షలు దగ్గరపడితే "ఇన్‌స్టా తీసేశాను" అని చెప్పే పిల్లలు మనందరి ఇళ్లలోనూ ఉన్నారు.

ఈ మూడూ ఒకటే విషయమన్నట్టు మాట్లాడేస్తున్నాం. కానీ పిల్లల మీద చట్టం పెట్టే నిషేధం వేరు, ఒక మనిషి తనంతట తాను, మళ్లీ వస్తాననే అనుకుంటూ తీసుకునే విరామం వేరు. ఈ వ్యాసం రెండోదాని గురించే. దాని మీద కూడా రెండు రకాల మాటలు వినబడతాయి. "వారం ఆపాను, ప్రాణం తేలిక పడింది" అంటారు ఒకరు. "నేనూ ఆపాను, పిచ్చెక్కినట్టయింది తప్ప ఒరిగిందేమీ లేదు" అంటారు ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. వాళ్లు ఆపింది ఒకే వస్తువు కాకపోవచ్చు, అసలు తేడా అక్కడే ఉండొచ్చు.

ఆపడంలో నాలుగు మెట్లు

అన్నిటికన్నా తేలికైనది సమయానికి పరిమితి పెట్టుకోవడం. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అనే ఏర్పాట్లు 2018లో వచ్చాయి. రోజుకు అరగంట అని పెడితే ఆ అరగంట అయ్యాక యాప్ మూసుకుంటుంది. కానీ ఆ పరిమితిని పెట్టిన చేతికే దాన్ని సడలించే అధికారమూ ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఆ చెయ్యి ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు.

రెండోది ఫోన్‌లోంచి యాప్ తీసెయ్యడం. మనలో ఎక్కువమంది విరామం అనేది దీన్నే. ఇందులో ఖాతా ఎక్కడికీ పోదు. మనల్ని ట్యాగ్ చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు, మెసేజ్‌లు వచ్చి పడుతూనే ఉంటాయి. మనం జవాబివ్వకపోతే పట్టించుకోవడం లేదనుకుంటారు తప్ప, విరామంలో ఉన్నామని అవతలివాళ్లకు తెలిసే దారి లేదు.

మూడోది ఖాతాను తాత్కాలికంగా నిద్రపుచ్చడం, అంటే డీయాక్టివేట్ చెయ్యడం. చిక్కుముళ్లన్నీ ఇక్కడే ఉన్నాయి, ఎందుకంటే ఈ మాటకు ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో అర్థం. ఫేస్‌బుక్‌లో డీయాక్టివేట్ చేస్తే ప్రొఫైల్ కనబడదు, కానీ మెసెంజర్ విడిగా పనిచేస్తూనే ఉండొచ్చు. ఎన్నాళ్లయినా అలా ఉంచొచ్చు, మళ్లీ లాగిన్ అయితే అన్నీ యథాతథంగా తిరిగొస్తాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఏ షాపింగ్ యాప్‌లోకో, గేమ్‌లోకో మీరు ఫేస్‌బుక్ ఖాతాతో లాగిన్ అయితే, నిద్రపోతున్న ఖాతా మీకు తెలియకుండానే లేచి కూర్చుంటుంది. అలాగే ఒక పేజీకి మీరొక్కరే అడ్మిన్ అయితే, మీతోపాటు ఆ పేజీ కూడా జనానికి కనబడకుండా పోతుంది. ఊరి దేవస్థానం పేజీనో, పూర్వ విద్యార్థుల సంఘం పేజీనో ఒంటిచేత్తో నడిపేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో డీయాక్టివేట్ చేసేటప్పుడు కారణం అడుగుతుంది, పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. వారానికి ఒక్కసారే ఆ అవకాశం. సోమవారం ఆపి, బుధవారం మనసాగక తెరిచి, గురువారం మళ్లీ ఆపుదామంటే కుదరదు.

ఎక్స్ (పాత పేరు ట్విట్టర్) దగ్గరికొస్తే కథ పూర్తిగా మారిపోతుంది. అక్కడ డీయాక్టివేట్ చేస్తే గడువు 30 రోజులు. ఈలోగా వెనక్కి రాకపోతే ఖాతా శాశ్వతంగా పోతుంది. స్నాప్‌చాట్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. అంటే "రెండు నెలలు విరామం" అని ఫేస్‌బుక్‌లో చేసిన పనే ఎక్స్‌లో చేస్తే, పదేళ్లుగా రాసుకున్నవన్నీ పోగొట్టుకున్నట్టే. బటన్ మీద మాట ఒకటే, పర్యవసానం మాత్రం వేరు.

నాలుగోది డిలీట్. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లు రెండూ మనసు మార్చుకోవడానికి 30 రోజులిస్తాయి. ఆ తర్వాత తిరిగిరాదు కాబట్టి దీన్ని విరామం అనలేం.

వాట్సాప్ దగ్గర అసలు చిక్కు

అమెరికాలో, ఐరోపాలో జరిగిన చర్చలో సోషల్ మీడియా అంటే ప్రధానంగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్. మన ఇళ్లలో అలా కాదు. తెల్లారితే గుడ్ మార్నింగ్ పువ్వులు, మధ్యాహ్నం రాజకీయ వీడియోలు, రాత్రి అపార్ట్‌మెంట్ గొడవలు, అన్నీ వచ్చేది వాట్సాప్‌లోనే. దానికి మాత్రం డీయాక్టివేట్ బటనే లేదు. ఉన్నది డిలీట్ ఒక్కటే. అది నొక్కితే పాత మెసేజ్‌లు చెరిగిపోతాయి, గ్రూపులన్నిటిలోంచీ బయటికి వచ్చేస్తాం. యాప్ తీసేసి ఊరుకుంటే పంపినవాళ్లకు ఒక్క టిక్కే కనబడుతుంది. మనకు చేరని మెసేజ్ 30 రోజుల వరకే సర్వర్‌లో ఉంటుంది, ఆపైన పోతుంది. 120 రోజులు అసలు వాడకపోతే మామూలుగా ఖాతానే తొలగిస్తారు.

పైగా వాట్సాప్ మనకిప్పుడు కాలక్షేపం మాత్రమే కాదు. పిల్లల స్కూలు హోంవర్కు అందులోనే వస్తుంది. డాక్టరు రిపోర్టులు అందులోనే అడుగుతాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. అంటే సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగే పని కూడా ఆ పచ్చ యాప్‌లోకే చేరింది. ఇలాంటిదాన్ని "ఒక నెల మానెయ్యండి" అని చెప్పడం, ఇంటికి వచ్చే దారిని ఒక నెల మూసెయ్యమనడమే.

అందువల్ల మన దగ్గర వాట్సాప్ విరామమంటే ఎక్కువగా పాక్షికమే అవుతుంది. గ్రూపుల్ని మ్యూట్ చెయ్యడం, ఆర్కైవ్‌లో పడెయ్యడం, స్టేటస్‌లు చూడకపోవడం లాంటివన్నమాట. 2022 నుంచి గ్రూపులోంచి చప్పుడు లేకుండా బయటికి రావొచ్చు, అడ్మిన్లకు తప్ప మిగతావారికి నోటీసు వెళ్లదు. ఇది చూడ్డానికి చిన్న మార్పే. కానీ "పిన్ని కొడుకు గ్రూపులోంచి వెళ్లిపోయాడట" అని పెళ్లిలో పంచాయితీ పెట్టే కుటుంబాలకు అది పెద్ద వెసులుబాటు. మన సమాజంలో బయటికి రావడానికి సాంకేతిక అడ్డంకికన్నా మొహమాటమే పెద్దదని నా అభిప్రాయం.

చెయ్యి అటే ఎందుకు పోతుంది?

ఒకప్పుడు వెబ్‌సైటులో పేజీకి చివర అనేది ఉండేది. చివరికి వచ్చాక "తర్వాతి పేజీ" నొక్కాలా వద్దా అని ఒక్క క్షణమైనా ఆగేవాళ్లం. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ చివర లేకుండా చేసే పద్ధతి రూపొందించాడు. కిందికి తోస్తున్న కొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి. తర్వాతి కాలంలో ఆయనే దాని దుష్ఫలితాల గురించి బహిరంగంగా హెచ్చరిస్తూ వచ్చాడు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించాక, జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది. తర్వాత వచ్చే వీడియో బాగుంటుందో లేదో తెలియకపోవడమే మనల్ని పట్టి ఉంచుతుంది. ప్రతిదీ బాగుంటే తొందరగా తనివి తీరేది.

"డోపమైన్ డిటాక్స్" అనే మాట ఈమధ్య తెగ తిరుగుతోంది. డోపమైన్ ఒంట్లో చేరిన విషం కాదు, కడిగేసుకోవడానికి. అది మెదడు తయారుచేసుకునే రసాయనం, చెయ్యి కాలు కదలడానికి కూడా అది కావాలి. విరామంలో జరిగేది అలవాటు పట్టు సడలడం మాత్రమే.

అయితే ఇది వ్యసనమా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలు చేస్తున్న వ్యాధుల వర్గీకరణలో వీడియో గేముల రుగ్మత ఉంది, సోషల్ మీడియా వ్యసనం లేదు. అలాగని బాధ లేదనీ కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో సాంకేతికత అతి వాడకం కోసమే 2014లో 'షట్' పేరుతో ప్రత్యేక క్లినిక్ పెట్టాల్సి వచ్చింది. నిద్ర, చదువు, ఉద్యోగం దెబ్బతినేంత స్థితిలో ఉన్నవారికి పది రోజుల విరామం వైద్యానికి బదులు కాదు. ఇక్కడ మాట్లాడుకునేది ఆ స్థితికి రాని మామూలు వాడకందారుల గురించి.

ప్రయోగాల్లో ఏం తేలింది?

"సోషల్ మీడియా ఎక్కువ వాడేవారు ఎక్కువ దిగులుగా ఉన్నారు" అని సర్వే చెబితే, వాడటం వల్ల దిగులా, దిగులు వల్ల వాడకమా తేల్చలేం. అందుకే పరిశోధకులు జనాన్ని చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపును ఆపమంటారు, రెండోదాన్ని మామూలుగా వాడుకోమంటారు. తర్వాత రెండిటినీ పోలుస్తారు.

వీటిలో పేరున్నది 2018 అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు స్టాన్‌ఫర్డ్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు చేసింది. 2,743 మంది ఫేస్‌బుక్ వాడకందారుల్ని తీసుకుని, వారిలో కొందరికి 102 డాలర్లిచ్చి 4 వారాలు డీయాక్టివేట్ చేయించారు. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. సగటున రోజుకు గంట సమయం మిగిలింది. ఆ గంట వేరే వెబ్‌సైట్లలోకి పోలేదు. టీవీ చూడటానికీ, ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడపడానికీ కొంత కొంత వెళ్లింది. మనసు కాస్త తేలికపడింది. రాజకీయ విషయాల్లో రెండు పక్షాల అభిప్రాయాల మధ్య ఎడం కొంత తగ్గింది. కానీ వార్తల గురించి ప్రశ్నలడిగితే, ఆపినవారికి ఆపనివారికన్నా తక్కువ తెలిసింది. లాభమూ నష్టమూ ఒకే ప్రయోగంలో పక్కపక్కనే కనబడ్డాయి. మిగతా కథంతా దాదాపు దీనికి వ్యాఖ్యానమే.

ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం 2022లో 154 మందితో చేసిన పరిశోధనలో, ఒక్క వారం ఆపినవారిలో కూడా ఆందోళన, దిగులు తగ్గాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2018లో పూర్తిగా ఆపమని అడగలేదు. 143 మంది విద్యార్థుల్లో ఒక గుంపును ఒక్కో యాప్‌కు రోజుకు 10 నిమిషాలకే పరిమితం చేసింది. 3 వారాల్లో ఒంటరితనం, దిగులు తగ్గాయి. ఇంకో విషయం నాకు ఇంతకన్నా ముఖ్యంగా అనిపించింది. పరిమితి లేని గుంపులో కూడా ఆందోళన, ఏదో కోల్పోతున్నామన్న బెంగ కొంత తగ్గాయి. వాళ్లు చేసిందల్లా రోజూ ఫోన్ వాడకం లెక్కను స్క్రీన్‌షాట్ తీసి పంపడం. తన వాడకాన్ని తాను చూసుకోవడం కూడా కొంత పని చేస్తుందన్నమాట.

ఇప్పుడు రెండో పక్క. ఆస్ట్రేలియాలో 138 మందితో చేసిన పరిశోధనలో 5 రోజులు ఫేస్‌బుక్ ఆపినవారి లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. కానీ "జీవితం ఎలా ఉంది?" అని అడిగితే, ముందుకన్నా తక్కువ సంతృప్తి చెప్పారు. ఒంటికి హాయి, మనసుకు వెలితి. ఆస్ట్రియా పరిశోధకులు 152 మందిని వారం రోజులు ఆపమంటే, విసుగూ, చూడాలన్న తహతహా పెరిగాయి. సగం మందికి పైగా ఒక్కసారైనా తొంగిచూశారు.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది బోస్నియాలో జరిగింది. 2019 జూలైలో, స్రెబ్రెనిత్స జాతిహత్య సంస్మరణ జరిగే వారంలో, కొందరితో ఫేస్‌బుక్ ఆపించారు. ద్వేషపు పోస్టులు కనబడవు కాబట్టి పరాయి జాతి మీద సద్భావం పెరుగుతుందని అనుకుంటాం. అది తగ్గింది. ముఖ్యంగా చుట్టూ తమ జాతివారే ఉండే ఊళ్లలోవారికి. ఫేస్‌బుక్‌లో కనీసం కొందరు అవతలివాళ్లు కనబడేవారు. అది ఆగిపోయాక తమవాళ్ల మాటలే మిగిలాయి. అమెరికాలో రాజకీయ ఎడం తగ్గించిన విరామమే బోస్నియాలో దూరం పెంచింది. తెర ఆపాక మన చుట్టూ ఏముంది అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

0.09 అంటే ఎంత?

2018 అమెరికా ప్రయోగంలో "మనసు కాస్త తేలికపడింది" అన్నాం కదా, ఆ కాస్త ఎంత? పరిశోధకుల కొలతలో 0.09 ప్రామాణిక విచలనాలు. దీన్ని ఇలా ఊహించుకోండి. వందమందిని అతి తక్కువ సంతోషం నుంచి అతి ఎక్కువ సంతోషం వరకు వరుసలో నిలబెట్టాం. సరిగ్గా మధ్యలో ఉన్నవాడు 50వ స్థానంలో ఉన్నాడు. ఫేస్‌బుక్ ఆపిన 4 వారాలకు అతను దాదాపు 53, 54 స్థానాల మధ్యకు జరిగాడు. అంతే.

2020 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ తోడ్పాటుతో ఇంకా పెద్ద ప్రయోగం జరిగింది. 35 వేల మందికి పైగా పాల్గొన్నారు, 6 వారాల విరామం. ఫేస్‌బుక్ ఆపినవారిలో మార్పు 0.06, ఇన్‌స్టాగ్రామ్ ఆపినవారిలో 0.04. మన వరుసలో అయితే 50 నుంచి 52 దగ్గరికి.

ఇది చాలా తక్కువనేవారి మాట నిజమే. తక్కువేమీ కాదనేవారికీ ఆధారం ఉంది. మానసిక ఆరోగ్యం కోసం చేసే శిక్షణలు, చికిత్సలు తెచ్చే సగటు మార్పుతో పోలిస్తే 2018 ప్రయోగంలో కనబడినది 25 నుంచి 40 శాతం వరకు ఉంటుందని దాన్ని చేసినవారే లెక్కగట్టారు. మందూ మాకూ లేకుండా, ఒక్క యాప్ ఆపితే అంత వచ్చిందంటే తీసిపారెయ్యలేం. ఇంకోటి, ఇవన్నీ సగటులు. 50 నుంచి 53కి అందరూ కలిసి జరగలేదు. కొందరు చాలా ముందుకు వెళ్లి ఉంటారు, కొందరు వెనక్కి. "నాకు పనిచేస్తుందా?" అన్న ప్రశ్నకు సగటు జవాబు చెప్పదు.

నమ్మనివారి వాదన

మనోవైజ్ఞానికుడు క్రిస్టఫర్ ఫెర్గూసన్ 2024లో ఇలాంటి 27 ప్రయోగాలను కలిపి చూసి, సోషల్ మీడియా తగ్గించడం వల్ల మానసిక ఆరోగ్యం మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదని తేల్చాడు. దాన్ని ఒప్పుకోనివారు వెంటనే ఎదురు ప్రశ్న వేశారు. ఒక్కరోజు ఆపించిన ప్రయోగాన్నీ, నాలుగు వారాలు ఆపించినదాన్నీ ఒకే కుప్పలో పోస్తే ఏం తెలుస్తుంది? మొదటి రెండు మూడు రోజుల్లో కనబడేది అలవాటు తప్పిన చిరాకే. అసలు లాభం ఉంటే గింటే ఆ తర్వాతే.

నమ్మనివారి దగ్గర ఇంకా బలమైన వాదన ఒకటుంది. మందుల పరీక్షలో రోగికి తను మింగింది మందో చక్కెర బిళ్లో తెలియదు. విరామంలో అలా కుదరదు. తను ఫేస్‌బుక్ ఆపానని ప్రతివారికీ తెలుసు, దానివల్ల మంచి జరగాలన్న ఆశా ఉంటుంది. తర్వాత "ఎలా ఉన్నారు?" అని అడిగితే ఆ ఆశ జవాబులో కలవకుండా ఉండదు. పైగా ఆపడానికి ఒప్పుకున్నవారి మీదే ఈ పరిశోధనలు జరిగాయి. ఏమిచ్చినా ఆపలేమన్నవారు, బహుశా విరామం ఎక్కువ అవసరమైనవారు, లెక్కలోకే రాలేదు.

ఈ వాదనలు రెండూ న్యాయమైనవే. నాకు అనిపించేదేమంటే, "విరామం పనిచేస్తుందా?" అన్న ప్రశ్నే మరీ పెద్దది. ఏది ఆపారు, ఎన్నాళ్లు, ఆ ఖాళీలోకి ఏం వచ్చింది, చుట్టూ ఎవరున్నారు అని విడగొడితే పైకి పొసగని ఫలితాలు చాలావరకు పొసుగుతాయి.

ఒక్కరే ఆపితే, అందరూ ఆపితే

షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త లియొనార్డో బర్స్‌టిన్, ఆయన సహచరులు అమెరికా కాలేజీ విద్యార్థులను ఒక చిత్రమైన ప్రశ్న అడిగారు. 4 వారాలు నువ్వొక్కడివే ఆపాలంటే ఎంతివ్వాలి? టిక్‌టాక్‌కు సగటున 59 డాలర్లు, ఇన్‌స్టాగ్రామ్‌కు 47 డాలర్లు అడిగారు. మరి నీతోపాటు మీ కాలేజీలో అందరూ ఆపేస్తేనో? ఇప్పుడు లెక్క తిరగబడింది. అలా జరిగేటట్టయితే టిక్‌టాక్‌కు 28, ఇన్‌స్టాగ్రామ్‌కు 10 డాలర్లు తామే ఎదురు డబ్బిస్తామన్నారు. అంటే వాళ్లలో చాలామంది ఆ యాప్ మీద ఇష్టంతో లేరు. మిగతావాళ్లు ఉన్నారు కాబట్టి ఉన్నారు. ఒంటరిగా తీసుకునే విరామం ఎందుకంత బరువుగా ఉంటుందో దీంతో అర్థమవుతుంది. మనం వదిలేది ఫోన్‌ను కాదు, రేపు కాలేజీలో అందరూ నవ్వుకునే రీల్‌ను.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరు దీనికి వేరే దారి చూసింది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ రోజూ సాయంత్రం 7 గంటలకు గుడి మీద సైరన్ మోగుతుంది. అప్పటినుంచి ఎనిమిదిన్నర దాకా ఫోన్లు, టీవీలు కట్టేస్తారు. పిల్లలు పుస్తకాలు తీస్తారు, పెద్దలు మాట్లాడుకుంటారు. గంటన్నరే, కానీ ఊరంతా ఒకేసారి. ఆ గంటన్నరలో ఎవరూ ఏమీ కోల్పోరు, ఎందుకంటే కోల్పోవడానికి అవతల ఎవరూ ఉండరు. ఇలాంటి కట్టుబాటులో ఇష్టం లేనివారి మీద ఒత్తిడి ఉండదా అన్న ప్రశ్న కూడా సహేతుకమే. కరోనా తర్వాత పిల్లలకు ఫోన్ అలవాటు వదలడం లేదని పెద్దలు పడ్డ బాధలోంచి పుట్టిన నిర్ణయమది.

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు 6 గంటలు ఆగిపోయాయి. మనకు రాత్రి 9 దాటిన వేళ. వ్యాపారాలకు నష్టం వచ్చిన మాట వాస్తవం. కానీ "ఎందుకు రిప్లై ఇవ్వలేదు?" అని ఆ రాత్రి ఎవరూ ఎవరినీ నిలదీయలేదు.

ఒకే విరామం, మూడు లెక్కలు

ముగ్గురిని ఊహించుకుందాం.

మొదటివాడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాడు. ఫోన్ లెక్క ప్రకారం రోజుకు ఇన్‌స్టా 70 నిమిషాలు, యూట్యూబ్ 2 గంటలు, టెలిగ్రామ్ 50 నిమిషాలు. పరీక్షకు 45 రోజులుందని ఇన్‌స్టా డీయాక్టివేట్ చేశాడు. 70 నిమిషాల చొప్పున 52 గంటలన్నర మిగలాలి. కానీ యూట్యూబ్, టెలిగ్రామ్ ఆపలేడు. క్లాసులు ఒకదాంట్లో, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు ఇంకోదాంట్లో. క్లాసు కోసం యూట్యూబ్ తెరిచినప్పుడల్లా షార్ట్స్ ఎదురొస్తాయి. వారం తిరిగేసరికి యూట్యూబ్ 2 గంటల 45 నిమిషాలైంది. అంటే రోజుకు నికరంగా మిగిలింది 25 నిమిషాలు, 45 రోజులకు 18 గంటల 45 నిమిషాలు. ఏకాదశి ఉపవాసమని అన్నం మానేసి మూడు ప్లేట్ల ఉప్మా తిన్నట్టయింది. ఇతని విషయంలో విరామం విఫలమైందని కాదు, ఆపినది ఒకటి, లాగుతున్నది ఇంకొకటి. అతన్ని లాగింది ఇన్‌స్టాగ్రామ్ కాదు, పొట్టి వీడియో.

రెండో మనిషి మంగళగిరిలో నేత చీరలు అమ్మే గృహిణి. ఉదయం చీర మడత విప్పి, కొంగు, అంచు విడివిడిగా ఫొటో తీసి పెడుతుంది. ధర అడిగేవాళ్లు ఇన్‌స్టా మెసేజ్‌లో అడుగుతారు, డబ్బు ఫోన్‌పేలో వేసి స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపుతారు. రాత్రిళ్లు పక్క షాపువాళ్ల ఫాలోయర్లను చూసుకుని నిద్ర పట్టక బాధపడుతోంది. ఆమెకు నెల రోజుల విరామమంటే నెల రోజుల రాబడి. పని చేసే చోటూ, మనసు పాడయ్యే చోటూ ఒకే యాప్‌లో ఉన్నాయి. ఇలాంటివారికి ఉన్న దారి రెండిటినీ విడదీయడం. కంప్యూటర్‌లో మెటా బిజినెస్ సూట్ ద్వారా ఫీడ్ చూడకుండానే పోస్టులు ముందుగా షెడ్యూల్ చేసి, మెసేజ్‌లకు జవాబివ్వొచ్చు. వాట్సాప్ బిజినెస్‌లో రాత్రివేళ తనంతట తానే జవాబిచ్చే మెసేజ్ పెట్టుకోవచ్చు. సినిమా తారల ఖాతాలను చూసుకోవడానికి మనుషులుంటారు, వాళ్ల విరామానికీ ఈమె విరామానికీ పోలికే లేదు.

మూడో మనిషి తెనాలిలో ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ టీచరమ్మ. కొడుకు డాలస్‌లో. "అమ్మా, ఆ గ్రూపులు చూసి బీపీ పెంచుకుంటున్నావు, కొన్నాళ్లు ఫోన్ పక్కన పెట్టవే" అంటాడు. వేసవిలో ఆమెకు ఉదయం ఏడున్నర అంటే అక్కడ ముందురోజు రాత్రి 9. మనవరాలు నిద్రపోయే ముందు వీడియో కాల్ చేసేది ఆ వేళకే, ఆ వాట్సాప్‌లోనే. ఫోన్ పక్కన పెడితే గ్రూపుల గోలతోపాటు మనవరాలి ముఖమూ పోతుంది. ఆస్ట్రేలియా ప్రయోగంలో ఒత్తిడి తగ్గినా సంతృప్తి తగ్గిందన్నామే, దాని అర్థం ఈమె ఇంట్లో తెలుస్తుంది. ఆమెకు బరువైనవి ఆరేడు గ్రూపులు. వాటిని ఆర్కైవ్‌లో పెడితే కొత్త మెసేజ్ వచ్చినా అవి అక్కడే ఉండిపోతాయి, వీడియో కాల్ మాత్రం మోగుతుంది.

తిరిగి వచ్చాక

విరామం తీసుకున్న ప్రతివాళ్లకూ ఒకరోజు తిరిగి లాగిన్ అయ్యే క్షణం వస్తుంది. అప్పటికల్లా అంతా మొదటికొస్తుందా? 2018 ప్రయోగంలో దీన్ని కూడా చూశారు. 4 వారాలూ అయ్యాక చాలామంది తిరిగొచ్చారు. కానీ మరికొన్ని వారాల తర్వాత చూస్తే, ఫోన్‌లో ఫేస్‌బుక్ వాడకం ఆపని గుంపుతో పోల్చితే దాదాపు 22 శాతం తక్కువగా ఉంది. ఎవరూ డబ్బివ్వకుండానే. ఆపడం తమకు మంచే చేసిందని ఆపినవారిలో సుమారు 80 శాతం మంది చెప్పారు.

అయినా వాళ్లను "ఇంకో 4 వారాలు ఆపడానికి ఎంతివ్వాలి?" అని అడిగితే, సున్నా అనలేదు. ముందు సగం మంది 100 డాలర్ల దగ్గర్లోనో అంతకన్నా ఎక్కువో అడిగారు. విరామం తర్వాత ఆ ధర 14 శాతం వరకు తగ్గింది, అంతకన్నా కాదు. దీన్ని కొందరు ఆర్థికవేత్తలు అలవాటు పట్టు ఇంకా ఉందనడానికి సాక్ష్యంగా చూస్తారు. మరికొందరు, అందులో వాళ్లకు నిజంగా విలువైనది ఉంది, ఒక నెల లేకపోయేసరికి అదేమిటో ఇంకా బాగా తెలిసింది అంటారు. ఒకే అంకెకు రెండు అర్థాలూ పొసుగుతాయి. ఏది ఎవరికి వర్తిస్తుందో తిరిగొచ్చిన మనిషి మొదట తెరిచేది ఏదన్నదాన్ని బట్టి కొంత తెలుస్తుంది. స్నేహితుల మెసేజ్‌లు తెరిచినవారికి మనుషుల మీద బెంగ. తిన్నగా రీల్స్‌లోకి వెళ్లినవారిని వెనక్కి తెచ్చింది అలవాటు.